భోజ్యములందు రంగు

మొన్న మా యింట నొక శుభకార్యము తటస్థింపగా వంటవారు సామానుల పట్టీ వ్రాసి తెచ్చిరి. బియ్యము, కందిపప్పు, నేయి, పంచదార, బొంబాయిరవ్వ, జీడిపప్పు, ఏలకులు వరుసగా నుండి, పట్టీ చివర "మిఠాయిరంగు, డబ్బా 1" అని యుండెను. ఇది యెందుకని యడిగితిమి. కేసరికిని, జిలేబికిని, లడ్డుకును వలయునని వంటపెద్ద చెప్పెను. లేకున్న రుచి తగ్గునా యని మరల నడిగితిమి. "రుచి మాట కాదు బాబుగారూ! రంగు లేని కేసరిని కేసరి యని యెవరందురు?" అని యతడు మా యజ్ఞానమునకు జాలిపడినట్లు నవ్వెను.

ఆ మాటలో నొక వింత కలదు. కేసరమనగా కుంకుమపువ్వు. పువ్వును బట్టి వంటకమునకు పేరు వచ్చినది. పువ్వు ప్రియమై వంటింటిని విడిచిపోయినది. దాని రంగు మాత్రము నిలిచినది. ఆ రంగును పువ్వుది కాదు, డబ్బాలోని పొడిది. అంగడినుండి వచ్చిన డబ్బాను చేతబట్టి, కంటియద్దములు పెట్టుకొని, దానిమీది చీమతలకాయవంటి యక్షరములను చదువ యత్నించితిమి. టార్ట్రజిన్ అనియు, సన్‌సెట్ యెల్లో అనియు రెండు పేర్లు కనబడినవి. ఇవి తారునుండియు, రాతినూనెనుండియు పుట్టిన ద్రవ్యములతో రసాయనశాలలలో చేయబడు రంగులు.

దీని కెవ్వరిని తప్పుపట్టవలెను? వంటవాడు విందునకు వచ్చువారి మెప్పు కోరును. విందునకు వచ్చువారు చిన్ననాటినుండి చూచిన రంగునే కోరుదురు. అంగడివాడు ప్రభుత్వమువా రనుమతించిన సరకునే యమ్ముచున్నానని డబ్బా చూపును. ఎవరి మాట వారికి నిజమే. ఇందరు నిర్దోషులు కలిసి పిల్లవాని విస్తరిలో వడ్డించు పదార్థమును గూర్చి ప్రశ్నించుటకు మాత్రము మనిషి దొరకడు. ఈ చిక్కు నేటిది కాదు. దాని చరిత్ర కొంత తెలిసికొనుట మన గృహములకు మేలని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పూర్వులు ఈ విషయమున నేమరియుండలేదు. కౌటిల్యుని యర్థశాస్త్రము నాలుగవ యధికరణమున ధాన్యము, నూనె, నేయి, క్షారము, ఉప్పు, గంధద్రవ్యములు, ఔషధములు మున్నగువానియందు సమానమైన వర్ణముగల వేరు వస్తువును చేర్చి యమ్మువానికి 12 పణముల దండన చెప్పబడినది. వర్ణమును గూర్చిన యా మాటను చదువరులు గమనింతురుగాక. మోసపోవునది మొదట కన్ను, పిమ్మటనే నాలుక యని యా గ్రంథకర్త యెరుగును. జర్మనీలోని న్యూరెంబర్గు పట్టణమువారు మరింత కఠినులు. కుంకుమపువ్వును కల్తీచేసినవానిని 15వ శతాబ్దమున ఆ సరకుతో గూడ కాల్చివేసిరి. అయితే ఈ శిక్షలన్నియు మోసగాడొకడు ఎదుట నున్నాడను నమ్మకముమీద నిలిచినవి. మోసగాడే కనబడనిచోట నేమి చేయవలెను? ఈ ప్రశ్నను లోకమున కెత్తిచూపిన కథ 1820లో లండను నగరమున నచ్చయినది.

ఫ్రెడరిక్ ఏకమ్ అను రసాయనవేత్త జర్మనీలో పుట్టి, 1793లో లండను చేరి, అచట ఉపన్యాసములవలనను ప్రయోగములవలనను పేరుగాంచెను. వీథులకు గ్యాసుదీపములు వచ్చుటకు తోడ్పడినవారిలో నతడొకడు. 1820లో అతడు ఆహారపదార్థముల కల్తీనిగూర్చియు, వంటయింటి విషములనుగూర్చియు నొక గ్రంథము ప్రకటించెను. ఒక నెల గడవకముందే వేయి ప్రతు లమ్ముడుపోయినవి. రొట్టెలో పటిక, ఊరగాయలను పచ్చగా నుంచుటకు రాగిచిలుము, పిల్లల మిఠాయిలలో ఇంగిలీకము, సిందూరము — ఇట్లొక్కొక్కదానిని పరీక్షించి వ్రాసెను. శిక్షపడిన వర్తకుల పేర్లను సైతము దాచలేదు.

అందలి చీజు కథయొక్కటి మాకెన్నడును మరపురాదు. పాలను విరిచి, గట్టిపరచి, నిలువచేసిన యాహారమునకు ఆంగ్లేయులు చీజని పేరిడిరి. గ్లోస్టరు ప్రాంతపు చీజు కెంజాయగా నుండవలెనని కొనువారి కోరిక. అందుకై రైతులు మనవారు జాఫ్రా యని పిలుచు గింజలరంగును పాలలో కలుపుదురు. అది యపాయకరము కాదు. ఒకచోట నా చీజు తిన్న యొక పెద్దమనుష్యునికి పదేపదే కడుపుశూల రాగా, పరీక్షించిచూడ నందు సీసమున్నట్లు తేలినది. పాడిరైతు నడిగిరి. ఎప్పటివలెనే జాఫ్రారంగు కొని కలిపితినని యతడనెను. ఆ రంగు నమ్మినవాని నడిగిరి. ఆ యేడు వచ్చిన జాఫ్రా వెలవెలబోయి యుండుటచే నించుక ఇంగిలీకము చేర్చితినని యతడు చెప్పెను. ఇంగిలీక మమ్మిన మందుల వర్తకు నడిగిరి. ఇండ్లకు పూయు రంగులకొరకు కొనుచున్నారనుకొని, అందులో సిందూరము కలిపితిని, రంగువారందరు చేయు పనియే గదా యని యతడనెను. సిందూరమనగా సీసభస్మమే.

ముగ్గురు మనుష్యులు, మూడు అంగళ్లు; ఒక్కడును మరియొకని చంపదలచినవాడు కాడు. గోడకు పూయవలసిన సీసము భోజనపు బల్లమీదికి వచ్చినది. అంగడివలన నింత చక్కగా సాగిన విషప్రయాణమును మే మింకెక్కడను చదివియుండలేదు.

ఏకమ్ గతి యేమైనదో చెప్పక విడువరాదు. అదే యేటి చివర, రాయల్ ఇన్‌స్టిట్యూషన్ గ్రంథాలయపు పుస్తకములనుండి పుటలు చించెనని యతనిపై నేరము మోపబడెను. విచారణకు నిలువక 1821లో నతడు దేశము విడిచి బెర్లిన్ చేరి, 1838లో నచటనే మరణించెను. మనిషి పరువు పోగానే పుస్తకము పరువును పోయినది. చించిన పుటలు నిజమైనచో నది తప్పే. అయినను సీసము సీసము కాకపోవునా? లోకము మాత్రమట్లు విచారింపలేదు. ముప్పది యేండ్లపాటు కల్తీవర్తకమునకు మరల తెరపి దొరకెను.

1851 మొదలు 1854 వరకు లాన్సెట్ అను వైద్యపత్రికయందు దాని స్థాపకుడు థామస్ వాక్లీ ప్రోత్సాహమున ఆర్థర్ హిల్ హాసల్ అను వైద్యుడు సూక్ష్మదర్శినితో లండను నగరపు సరకులను పరీక్షించి, అంగళ్ల పేర్లతో, చిరునామాలతో ప్రచురింపసాగెను. మిరపపొడిలో సిందూరము, పిల్లలు చప్పరించు రంగుమిఠాయిలలో సీసపు క్రోమేటు అతనికి కనబడినవి. ఈ క్రోమేటు పసుపుపచ్చని రంగుపొడి. తలుపులకును బండ్లకును పూయుదురు. దీని పేరు చదువరులు జ్ఞాపకముంచుకొందురుగాక. ఇంచుమించు నూటడెబ్బది యేండ్ల తరువాత మన పొరుగుననే మరల దీనిని చూడబోవుచున్నాము.

ఇంతటి ప్రచురణ జరిగియు ఇంగ్లండున శాసనము వెంటనే రాలేదు. అది వచ్చుటకు బ్రాడ్‌ఫర్డు పట్టణమున పిల్లలు చావవలసివచ్చెను. 1858 అక్టోబరు చివర జరిగిన సంగతి యిది. చక్కెర ప్రియముగా నుండుటచే మిఠాయి చేయువారు దానిలో కొంత తగ్గించి, సున్నపురాయి, జిప్సము మొదలగువాని తెల్లపొడిని చేర్చుట వాడుక. వారు దానికి డాఫ్ అని పేరు పెట్టుకొనిరి. ఒక మిఠాయివాడు ఆ పొడికై మందులకొట్టునకు మనిషిని పంపెను. కొట్టు యజమాని జబ్బుతో పడకనుండి, అటకమీద మూలనున్న పీపాలో నున్నదని పనివానికి చెప్పెను. ఆ పనివాడు తప్పు పీపానుండి 12 పౌనుల పొడి తూచి యిచ్చెను. అది తెల్లపాషాణము.

దానితో పిప్పరమెంటు బిళ్లలు తయారైనవి. వాని నమ్ముటకు కొనిన బజారువర్తకుడు, ఇవి యెప్పటిరంగున లేవే యని యనుమానించెను. అనుమానించి యేమి చేసెను? ధర తగ్గించుమనెను, తగ్గగానే కొనుకొనెను. విషము తన్నుదాను తెలుపుకొనుట కిచ్చిన యొక్క గురుతు రంగుభేదము. ఆ గురుతును వర్తకులిద్దరును పైసలలోనికి మార్చుకొనిరి. తెల్లవారునప్పటికి పిల్లలు చనిపోవుచున్నారు. మొదట కలరా యనుకొనిరి. మొత్తముమీద సుమారు 20 మంది మరణించిరి. 200 మందివరకు జబ్బుపడిరి. బిళ్లలు చేసినవాడును, అమ్మినవాడును గూడ జబ్బుపడినవారిలో నుండిరి. న్యాయస్థానమున నొక్కరికైనను శిక్ష పడలేదు. పడుటకు వీలును లేదు. ఏలయన పాషాణము కలుపదలచినవా డొక్కడును లేడు. తెల్లపొడి కలుపుట నాటికి నేరము కాదు.

ఈ దారుణమువలన 1860లో నొక చట్టము వచ్చెను గాని యది పండ్లులేని పులి. తెలిసి యమ్మినవానికే శిక్ష; పరీక్షకుని నియమించుటయు స్థానికసంఘముల యిష్టము. తెలిసి యమ్మితినని యే వర్తకు డొప్పుకొనును? 1875 నాటి చట్టము కొంత ముందడుగు వేసెను. కొనువాడు కోరిన స్వభావము, ద్రవ్యము, గుణము లేని వస్తువు నమ్మి యతనికి నష్టము కలిగించుటయే నేరమయ్యెను. తెలియక యమ్మితిననుట చాలదని పిమ్మట న్యాయస్థానములు నిర్ణయించినవి. మా యభిప్రాయమున నాహారచరిత్రలో పెద్దమలుపు ఇదియే. అంతవరకు న్యాయాధిపతి వర్తకుని మనస్సులోనికి తొంగిచూచుచుండెను. నాటినుండి పొట్లములోనికి చూడ నారంభించెను.

ఇంతలో పొట్లములోని రంగే మారిపోయినది. 1856లో విలియం హెన్రీ పెర్కిన్ అను పదునెనిమిదేండ్ల విద్యార్థి మలేరియాజ్వరమునకు మందైన క్వినైనును కృత్రిమముగా చేయబోయి, బొగ్గుతారునుండి పుట్టిన ద్రవ్యములలో నొక ఊదారంగును కనుగొనెను. అది పట్టుబట్టలకు పనికివచ్చినది. దానివెంట వందలకొలది రంగులు పుట్టినవి. బట్టలకొరకు పుట్టినవి బట్టలయొద్ద నాగలేదు. పాతరంగులకంటె మిక్కిలి చవుక. చిటికెడు వేసిన గంపెడు మిఠాయి మెరయును. సీసముకంటె నివి మేలుగదా యని యానాడు చాలమంది మనసార సంతోషించిరి. కొంతవరకది నిజము కూడ. ఇచట నొకమాట చెప్పవలెను. కృత్రిమమైనదంతయు చెడు, ప్రకృతిలో పుట్టినదంతయు మంచి యని వాదించువారితో మేము చేరజాలము. ఇంగిలీకము కొండలలో పుట్టునది, అది పాదరసమే. పాషాణమును భూమాత గర్భముననే యున్నది. పుట్టుకనుబట్టి గాక గుణమునుబట్టి విచారింపవలయునని మన పెద్దలు మనుష్యులనుగూర్చి చెప్పినమాట రంగులకును వర్తించును.

అమెరికాదేశమున హార్వీ వైలీ అను ప్రభుత్వ రసాయనాధికారి పట్టుదలవలన 1906లో శుద్ధాహారశాసనము వచ్చెను. అప్పటికి బజారులోనున్న సుమారు 80 తారురంగులను హెస్ అను నిపుణుడు పరిశీలించెను. 1907లో నేడింటికి మాత్రమే సమ్మతి లభించెను. ఆ యేడింటి చరిత్ర ముచ్చటైనది. అందలి నారింజరంగు వేసిన పండుగమిఠాయిలు తిని 1950లో పిల్లలు జబ్బుపడిరి. కొలది యేండ్లకే దానిని తొలగించిరి. పిమ్మట ఒక పసుపుపచ్చ, ఒక యెరుపు, ఒక యాకుపచ్చ క్రమముగా పోయినవి. అమరాంత్ అను ఎర్రరంగు 1976లో పోయినది. ఎరిత్రొసిన్ అను మరియొక యెరుపు, మగయెలుకల కధికముగా పెట్టినప్పుడు కంఠగ్రంథియందు కంతులు పుట్టించుచున్నదని తెలిసి, 1990లో పెదవులకును ముఖమునకును పూయుటకు తగదని నిషేధింపబడెను. భోజ్యములనుండి తొలగింపుమను ఉత్తరువు 2025 జనవరిలోగాని రాలేదు. పెదవిపై పూయరానిది ముప్పదియైదేండ్లు కడుపులోనికి పోవుచునే యుండెను! ఏడుగురు పెద్దమనుష్యులలో మిగిలినది నీలిరంగొక్కటి. నాడు వానిని నిరపాయకరములని చెప్పినవారు అబద్ధమాడలేదు. తమకు తెలిసినంతయే చెప్పిరి. తెలిసినంతకు మించిన ధైర్యముతో మనము తినుటయే మన దోషము.

మన దేశమునకు వత్తము. చెన్నపురి రాజధానియందు కల్తీనివారణచట్టము 1918లో వచ్చెను. నాడు కోస్తాజిల్లాలును, రాయలసీమయు నా రాజధానిలోనివే. స్వతంత్రభారతమున దేశమంతటికి 1954లో నొక చట్టమును, దానిస్థానమున 2006లో మరియొకటియు ఏర్పడినవి. 1954 నాటి చట్టమున 19వ విభాగమునందు, సరకు స్వభావము తెలియదనుట మాత్రమే సమాధానము కానేరదని స్పష్టముగా నున్నది. బ్రాడ్‌ఫర్డు పిల్లల చావునకు ఇంగ్లండు నేర్చుకొన్న పాఠము మన చట్టమునకు చేరినదనుకొనవచ్చును. 2011 నాటి నిబంధనలలో ఎనిమిది కృత్రిమవర్ణములకు సమ్మతి కలదు. అదియు కొన్ని పదార్థములలో మాత్రమే, సామాన్యముగా కిలోగ్రామునకు 100 మిల్లీగ్రాములకు మించరాదు. వంటవాని చిటికెకు తక్కెడ యెక్కడిది? ఆ యెనిమిదింటిలో నాల్గు రంగులు — మా డబ్బాలోని రెండును వానిలోనివే — పిల్లల నడవడిని, ఏకాగ్రతను చెరుపవచ్చునను హెచ్చరికను పొట్లముపై నచ్చొత్తించనిదే యూరపు సమాజములో 2010 నుండి అమ్మరాదు. 2007లో నింగ్లండున జరిగిన పరిశోధన దీనికి మూలము. దాని ఫలితములు నిస్సందేహములని యందరు నొప్పుకొనలేదు. కాని సందేహముగలచోట తల్లికి చెప్పి యమ్ముట మర్యాదయని యచటివారు తలచిరి.

సమ్మతిలేని రంగుల మాట వేరు. జిలేబిలో, లడ్డులో, కందిపప్పులో మెటానిల్ యెల్లో యను బట్టలరంగు పలుమార్లు పట్టుబడినది. పీచుమిఠాయిలో రోడమిన్-బి కనబడుటచే 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు ప్రభుత్వములు దాని యమ్మకమును నిషేధించినవి. మరుసటి నెల కర్ణాటకప్రభుత్వము కృత్రిమపు రంగు కలిపిన పీచుమిఠాయిని నిషేధించెను. మెటానిలును గుర్తించుటకు సులభమైన పరీక్ష కలదు. పసుపును నీట కలిపి, బడిలో రసాయనశాస్త్రము చెప్పువారిచేత కొన్నిచుక్కలు హైడ్రోక్లోరికామ్లము వేయించినచో ఊదాయెరుపు వచ్చును. మరికొంత నీరు పోయగా నా రంగు పోయినచో నది పసుపు సహజగుణము. పోక నిలిచినచో మెటానిల్. సీసమును మాత్ర మీ పరీక్ష పట్టజాలదు. దానికి ప్రయోగశాల కావలెను.

సీసమనగానే గ్లోస్టరు చీజు మరల జ్ఞప్తికి వచ్చుచున్నది. బంగ్లాదేశములో పల్లెటూరి గర్భిణీస్త్రీల రక్తమున సీస మధికముగా నుండుట జూచి, అది యెటనుండి వచ్చుచున్నదని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారును, అచటి పరిశోధకులును వెదకిరి. దగ్గరలో కార్ఖానా లేదు. గోడలకు రంగు లేదు. తుదకు పసుపులో దొరకెను. 1980ల నాటి వరదలలో తడిసి పసుపుకొమ్ములు వన్నె తగ్గగా, కొనువారు పెదవి విరువసాగిరట. సరకు నమ్ముడుపోవుటకై కొమ్ములను మెరుగుపట్టువారు పచ్చనిపొడి యొకటి చల్ల మొదలిడిరి. అది సీసపు క్రోమేటు. హాసల్ 1850లలో లండను మిఠాయిలలో పట్టిన దొంగయే. వరద తగ్గినను, పంట మరల బాగుపడినను, ఆ వాడుక పోలేదు. ఏలయన ప్రజల కన్ను ఆ మెరుపునకు మరగినది. మెరుగుపట్టువారిలో ననేకులకు అది నరములకు, పసివారి బుద్ధికి చేటని తెలియదు. ఆ పసుపే వారును తినుచుండిరి.

2019లో నీ పరిశోధన వెలువడగానే అచటి ఆహారశాఖవారు పత్రికలలో హెచ్చరికలు ప్రకటించి, బజారులలో కరపత్రములు పంచి, ఢాకా శ్యామ్‌బజారునందు సోదాచేసి, కల్తీపసుపుతో దొరకిన మొత్తపు వర్తకులకు జుల్మానా విధించిరి. బజారునుండి తెచ్చిన మచ్చులలో 2019లో నూటికి 47 సీసముతో నుండగా, 2021 నాటికి ఒక్కటియు లేదు. మెరుగుపట్టు కూలీల రక్తమునందును సీసము తగ్గినది. ముప్పదియేండ్ల వాడుక రెండేండ్లలో పోవుట ఆశ్చర్యకరము. అయితే బంగ్లాదేశము వదిలినది మనమందరము వదిలినట్లు కాదు; 2024లో వెలువడిన మరియొక పరిశోధనలో పాట్నా నగరమున దొరకిన పసుపులో సీసము మిక్కుటముగా నుండెను.

దుగ్గిరాలలో, నిజామాబాదులో పసుపురాసులు చూచినవారు మంచికొమ్ము పైకి మట్టిరంగుగా, నొక్కొక్కతరి వికారముగా నుండునని యెరుగుదురు. విరిచినగాని దాని బంగారు కనబడదు. ఆవకాయకు నెరుపు కావలెనన్న వరంగల్ ప్రాంతమున పండు చపాటా మిరప కలదు. కారము తక్కువ, ఎరుపు మెండు. 2025లో దానికి భౌగోళికగుర్తింపు కూడ లభించినది. రంగుపై మక్కువ పాపమని మేమనము. మన యమ్మలు పసుపుతో పులిహోరను, మిరపతో పచ్చడిని కంటికింపుగా చేసినవారే. వా రేది వేసిరో అది వారికి తెలియును. తోటిదో, పొలానిదో దాని యూరు సైతము చెప్పగలరు. డబ్బాలోని పొడికి ఊరు లేదు.

మా యింటి సంగతి చెప్పి ముగింతుము. పట్టీనుండి ఆ యొక్క పంక్తి కొట్టివేసితిమి; అప్పటికే వచ్చియున్న డబ్బాను అంగడికి త్రిప్పిపంపితిమి. జిలేబి మానుకొంటిమి. లడ్డునకు శనగపిండి రంగే చాలునంటిమి. కేసరికి రెండు కుంకుమరేకులు పాలలో నానవేయుదమని మా యింటివా రనిరి గాని, నాలుగువందల విస్తళ్లకు నవి యెంత? కేసరి తెల్లగానే దిగినది. నేయి, జీడిపప్పు, ఏలకులు లోటులేకుండ పడినవి. వంటపెద్ద వడ్డనకు రాక, వంటశాల గుమ్మమున నిలిచి చూచుచుండెను. మొదటి పంక్తిలో, దూరపు బంధువైన యొక వృద్ధుడు తన విస్తరిలోని తెల్లని ముద్దను పరకాయించి చూచి, "ఉప్మా పెట్టినారు సరే, అల్లపుపచ్చడి యేది నాయనా?" అని పిలిచెను. వంటపెద్ద మావైపు చూచెను. మేము విస్తరివైపు చూచితిమి.